కత్తి పట్టిన చేతికి జోలె

విద్యార్థులే నడుపుకునే ఒక కత్తిసాము క్లబ్బుకు నాలుగు డబ్బులు కూడబెట్టడం సంపాదకీయం రాయాల్సినంత విషయమా అని కొందరికి అనిపించవచ్చు. వరకట్న చావులు, భూమి హక్కు, కూలి రేట్లు ఇన్ని సమస్యలుండగా ఆటల గొడవ మనకెందుకన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. కానీ ఆడపిల్ల తన శరీరాన్ని ఎలా వాడుకోవాలో ఎవరు నిర్ణయిస్తారు, విద్యాసంస్థల డబ్బు ఎవరి మీద ఖర్చవుతోంది అన్న రెండు ప్రశ్నలూ ఆటస్థలంలో ఒకచోట కలుస్తాయి. అందుకే ఈ సంచికలో దీన్ని చర్చకు పెడుతున్నాం.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆటలు ప్రధానంగా రెండంచెలుగా ఉంటాయి. పై అంచెలో విశ్వవిద్యాలయం పేరు మీద ఆడే అధికారిక జట్లు. వాటికి కోచ్ జీతం, పరికరాలు, ప్రయాణ ఖర్చులు సంస్థే చూసుకుంటుంది. కింది అంచెలో విద్యార్థులు నడుపుకునే క్లబ్బులు. ఇక్కడ అధ్యక్షులు, కోశాధికారి, విరిగిన కత్తులు బాగుచేసేవాళ్లు అందరూ విద్యార్థులే. సభ్యత్వ రుసుము, విద్యార్థి సంఘం నిధుల నుంచి దొరికే కొంత సాయం పోగా మిగిలింది విరాళాలతో పూడ్చుకోవాలి. చొక్కాలు అచ్చువేయించి అమ్ముతారు, కేకులు చేసి అమ్ముతారు, పూర్వ విద్యార్థులకు ఉత్తరాలు రాస్తారు. అయితే పై అంచెలో లేని మంచి ఒకటి ఈ క్లబ్బుల్లో ఉంది. చిన్నప్పటి నుంచి డబ్బు పోసి శిక్షణ ఇప్పించిన పిల్లలకే అధికారిక జట్లలో చోటు దొరుకుతుంది. క్లబ్బులో మాత్రం పద్దెనిమిదేళ్ల దాకా కత్తి ముట్టని అమ్మాయి కూడా మొదలుపెట్టవచ్చు.

మొదలుపెట్టాలంటే సామాను కావాలి. ఫాయిల్, ఎపే, సేబర్ అని మూడు రకాల కత్తులు. ముఖానికి మాస్కు, ఒంటికి జాకెట్, దాని లోపల చంక భాగాన్ని కాపాడే మరో పొర, చేతికి తొడుగు. ఆడవాళ్లకు గట్టి పదార్థంతో చేసిన ఛాతీ కవచం పోటీల్లో తప్పనిసరి. ఫాయిల్, సేబర్ పోటీల్లో దెబ్బ తగిలిన సంగతి యంత్రం గుర్తించడానికి లోహపు దారాలతో నేసిన పైజాకెట్ కూడా ఉండాలి. ఇవన్నీ సొంతంగా కొనుక్కోగలిగినవాళ్లు కొద్దిమందే. మిగిలినవాళ్లు క్లబ్బు బీరువాలో ఉన్నవే వేసుకోవాలి. ఆ బీరువాలో మగవాళ్ల కొలతల జాకెట్లే ఉండి, ఛాతీ కవచాలు లేకపోతే, ఆడపిల్లల్ని ఎవరూ వద్దనక్కర్లేదు. ఆ బీరువానే వద్దంటుంది.

ఈ వద్దనడానికి పాత చరిత్ర ఉంది. ఒలింపిక్స్‌లో స్త్రీలకు ఫాయిల్ పోటీ 1924లో మొదలైంది. ఎపే పట్టడానికి 1996 దాకా, సేబర్ పట్టడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. మూడు కత్తులూ స్త్రీల చేతికి రావడానికి ఎనభై ఏళ్లు పట్టిందన్నమాట. ఇష్టం లేక కాదు, అవకాశం ఇవ్వక.

ఇష్టానికీ అవకాశానికీ ఉన్న ఈ సంబంధమే బ్రౌన్ విశ్వవిద్యాలయం కేసులో కోర్టు ముందుకు వచ్చింది. 1991లో ఆ సంస్థ ఖర్చు తగ్గించుకోవాలని నాలుగు జట్లకు నిధులు ఆపేసింది. స్త్రీలవి జిమ్నాస్టిక్స్, వాలీబాల్. పురుషులవి గోల్ఫ్, వాటర్ పోలో. రెండు జట్లకు రెండు జట్లు కాబట్టి సమానమే అన్నట్టు కనబడుతుంది. కానీ స్త్రీల జట్ల నుంచి మిగిలింది ఏడాదికి సుమారు 62 వేల డాలర్లు, పురుషుల జట్ల నుంచి సుమారు 16 వేలు. జట్లను పూర్తిగా రద్దు చేయలేదు, దాతల డబ్బు తెచ్చుకుని ఆడుకోండి అన్నారు. జిమ్నాస్టిక్స్ క్రీడాకారిణి ఆమీ కోహెన్, మరికొందరు విద్యార్థినులు 1992లో కోర్టుకెక్కారు. విద్యలో లింగవివక్షను నిషేధిస్తూ 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టమే వాళ్లకు ఆధారం. 1993-94 నాటికి ఆ సంస్థ విద్యార్థుల్లో స్త్రీలు నూటికి 51 మంది, అధికారిక క్రీడాకారుల్లో మాత్రం 38 మందే. స్త్రీలకు ఆటల మీద ఆసక్తి తక్కువ కాబట్టే ఇలా ఉందని విశ్వవిద్యాలయం వాదించింది. ఆసక్తి శూన్యంలో పుట్టదు, అవకాశాన్నీ అనుభవాన్నీ బట్టి పెరుగుతుందని అప్పీలు కోర్టు 1996లో ఆ వాదనను తోసిపుచ్చింది. 1998లో రాజీ ఒప్పందం కుదిరింది. మొత్తం విద్యార్థుల్లో స్త్రీల వాటాకూ, క్రీడాకారుల్లో వాళ్ల వాటాకూ మధ్య తేడా మూడున్నర శాతం మించకూడదని అందులో రాసుకున్నారు.

ఆ ఒప్పందం కాగితానికే పరిమితం కాలేదు. 2020 మే నెలలో అదే విశ్వవిద్యాలయం పదకొండు అధికారిక జట్లను క్లబ్బుల స్థాయికి దించుతున్నట్టు ప్రకటించింది. అందులో కత్తిసాము కూడా ఉంది, స్త్రీలదీ పురుషులదీ. 1998 ఒప్పందాన్ని చూపించి విద్యార్థినుల తరఫు న్యాయవాదులు మళ్లీ కోర్టుకు వెళ్లారు. అదే ఏడాది సెప్టెంబరులో కుదిరిన రాజీలో స్త్రీల కత్తిసాము, గుర్రపుస్వారీ జట్లు తిరిగి అధికారిక హోదా పొందాయి. అయితే ఆ రాజీ ప్రకారమే 1998 ఒప్పందానికి 2024తో గడువు తీరింది. ఇక మిగిలింది చట్టం, దాన్ని పట్టుకుని అడిగే నోళ్లు.

ఈ అనుభవం నుంచి క్లబ్బులకు డబ్బు కూడబెట్టేవాళ్లు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. విరాళం ఇవ్వవద్దని మేం అనడం లేదు. ఈ ఏడాది చేరిన అమ్మాయికి ఈ ఏడాదే మాస్కు కావాలి, తీర్పు వచ్చేదాకా ఆగలేదు. కానీ విరాళం హక్కుకు బదులు కాకూడదు. టైటిల్ నైన్ నిబంధనలు అధికారిక జట్లకే కాదు, విశ్వవిద్యాలయం నడిపించే క్లబ్బు ఆటలకూ వర్తిస్తాయి. దాతల డబ్బు వల్ల మగపిల్లలకు మెరుగైన సౌకర్యాలు దొరికితే ఆ తేడా పూడ్చాల్సిన బాధ్యత సంస్థదే. మాది కాదు, దాతలది అని తప్పుకోవడానికి వీల్లేదు. ఈ సంగతి చాలామంది విద్యార్థినులకు తెలియదు. తెలియజేయడం కూడా సాయమే.

అందుకని క్లబ్బు జోలె పట్టకముందు విశ్వవిద్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి. వచ్చిన జవాబును, రాని జవాబును కూడా దాచుకోవాలి. వసూలైన డబ్బుకు లెక్క రాసేటప్పుడు ఎవరి మీద ఎంత ఖర్చయిందో ఆడా మగా విడివిడిగా రాయాలి. కొద్దిమంది దూరపు పోటీలకు వెళ్లే ఖర్చు కంటే ముందు అందరూ వాడుకునే సామాను, అన్ని కొలతల జాకెట్లు, ఛాతీ కవచాలు కొనాలి. రాత్రి సాధన ముగిశాక క్షేమంగా ఇల్లు చేరే ఏర్పాటును కూడా క్లబ్బు ఖర్చుగానే చూడాలి. పెద్ద మొత్తం ఇచ్చిన దాత ఎవరు ఆడాలో, ఏం వేసుకోవాలో చెప్పడానికి ఒప్పుకోకూడదు. కేకులు చేయడం, ఉత్తరాలు రాయడం, ఇంటింటికీ తిరగడం ఆడపిల్లల వంతు, పోటీకి వెళ్లడం మగపిల్లల వంతు అయితే అది వంటింటి పని విభజనే తప్ప క్లబ్బు కాదు.

ఈ చర్చ మనకు దూరం కాదు. మన తెలుగు ఇళ్ల నుంచి ఎందరో అమ్మాయిలు ఆ విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్నారు. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు గుళ్లకూ సభలకూ ధారాళంగా ఇస్తారు. అందులో కొంత ఒక క్లబ్బు బీరువాకు చేరితే తప్పేముంది? ఇక మన దేశం సంగతి. ఒలింపిక్స్‌కు అర్హత పొందిన మొదటి భారతీయ కత్తిసాము క్రీడాకారిణి చెన్నైకి చెందిన భవానీదేవి. టోక్యోలో 2021లో మొదటి పోటీ 15-3 తేడాతో గెలిచింది. 2023లో ఆసియా పోటీల్లో సేబర్ కాంస్యం తెచ్చింది. బడిలో ఆమె సాధన మొదలైంది వెదురు కర్రలతో. ఖర్చుల కోసం తల్లి నగలు తాకట్టు పెట్టింది. దీన్ని తల్లి త్యాగంగా పొగిడి ఊరుకోవడం మనకు అలవాటు. తాకట్టు పెట్టడానికి నగలే లేని తల్లుల కూతుళ్ల మాటేమిటి? మన విశ్వవిద్యాలయాల్లో చీకటి పడకముందే హాస్టల్ గేటు మూసుకునే చోట సాయంకాలపు ఆటస్థలం ఎవరిది?

చందాల మీద నడిచే పత్రికగా మాకు ఒక విషయం తెలుసు. పదిమంది దగ్గర పది రూపాయలు అడగడం సిగ్గుపడాల్సిన పని కాదు. ఆ అడగడంలోనే పదిమందీ మనవాళ్లవుతారు. అయితే ఒక చెయ్యి చందా పుస్తకం పట్టుకున్నప్పుడు రెండో చేతిలో అర్జీ ఉండాలి. మీ కాలేజీలో, మీ విశ్వవిద్యాలయంలో ఆటల నిధి ఎంత, అందులో ఆడపిల్లల మీద ఎంత ఖర్చవుతోందో అడిగి తెలుసుకోండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచీ మన చేతిలో ఉంది. వచ్చిన జవాబులు మాకు రాయండి. రాబోయే సంచికల్లో ప్రచురిస్తాం.