గ్రామ్యమనగా నేమి?

కొడవలూరి బిడ్డ యొకడు బడిలో "మా నాయన ఇంట్లో ఉండాడు" అని వ్రాసెననుకొందము. ఉపాధ్యాయుడు దానిని కొట్టివేసి, 'గ్రామ్యము' అని ప్రక్కన వ్రాయును. దీనివలన బిడ్డ నేర్చినదేమి? తండ్రి పలుకు తప్పు, తన యూరు తప్పు అని. వ్యాకరణము మాత్ర మొక్క ముక్కయు నేర్వలేదు. ఈ మాట చేయుచున్న యపకారమును గూర్చి నేడు కొంత చెప్పదలచితిమి.

గ్రామమునకు సంబంధించినది గ్రామ్యము. ఆలంకారికులు దీనిని కావ్యదోషములలో నొకటిగా జెప్పిరి. అది కావ్యమునకు జెందిన విచారము. తెలుగున చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున తత్సమ, తద్భవ, దేశ్యములను నిర్వచించి, వాని వరుసనే లక్షణవిరుద్ధమైన భాషను గ్రామ్యమనెను. పాఠకులారా, నిదానించి చూడుడు! మొదటి మూడు పేరులును మాట పుట్టుకను దెలుపును. నాలవది పుట్టుకను దెలుపదు, పలుకువాని యంతస్తును దెలుపును. వడ్లను రకములవారీగా మూడు రాసులు పోసి, నాలవ రాసికి 'బీదవాని వడ్లు' అని పేరిడినట్లున్నది. త్రిలింగదేశ వ్యవహారమున సిద్ధమైనది దేశ్యమని సూరియే చెప్పెను గదా! కొడవలూరు త్రిలింగదేశమున లేదా?

సూరి లక్షణము ప్రకారము 'వస్తాడు' అనునదియు గ్రామ్యమే. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమును స్థాపించి పోరాడిన పిమ్మట కాలక్రమమున నది పత్రికల కెక్కినది. నేడు దానిని గ్రామ్యమనువాడు లేడు. 'ఉండాడు' మాత్రము నవ్వులపాలగుచున్నది. రెండును వాడుకలో నేర్పడిన రూపములే. పైగా రెండవదానిలో 'ఉండు' అను ధాతువు చెక్కుచెదరక కనబడుచున్నది. భేద మెక్కడ? ఒకటి పత్రికలు నడుపువారి జిల్లాలది, మరియొకటి పెన్నయొడ్డు రైతుది. శిష్టవ్యావహారికమునకు గద్దె లభించినది. గ్రామ్యమను నింద మాత్రము గద్దె క్రిందనున్న వారికే మిగిలినది.

కట్టుబాటు లేకున్న భాష చెడునని కొందరందురు. నిజమే. మేమీ వ్యాసమును గ్రాంథికముననే వ్రాయుచున్నాము. నియమమును త్రోసివేయుమని చెప్పుట లేదు. తప్పును తప్పనుడు, ప్రాంతపు పలుకును మాండలికమనుడు. "ఇది ఇంటి రూపము, ఇది పుస్తకపు రూపము, రెండును నేర్వుము" అని బిడ్డకు జెప్పుడు. అప్పుడు వానికి రెండు తెలుగులు వచ్చును. గ్రామ్యమని కొట్టివేసినచో నున్న యొక్కటియు నోట నిలువదు.

తెలుగు వ్యాకరణమును తెలుగుననే మొదట రచించిన కేతన, మన నెల్లూరి తిక్కన కాలమువాడు. తన దశకుమారచరిత్రమును తిక్కనకే యంకితమిచ్చెను. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదకోశమును వెలువరించినపుడు భద్రిరాజు కృష్ణమూర్తిగారు పదముల కొఱకు పోయినది రైతుల యొద్దకే. పండితులు పల్లెకు బోయి యేరి తెచ్చుకొన్న ధనమును బడిలో చెత్తయనుట యే న్యాయము? గ్రామమే దేశమని వేదికలపై జెప్పుచు, గ్రామమను మాటతోడనే బిడ్డను నిందించుట మానుదుము గాక!