ఎర్ర గీత చాలదు, కారణం రాయండి!



పోయిన మంగళవారం మా ఊరి కాలేజీ ల్యాబ్‌లో మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె, సంఖ్యను బైనరీలోకి మార్చే సీ ప్రోగ్రాం సొంతంగా రాసింది. రెండుతో భాగించుకుంటూ పోయి శేషాలను పేర్చింది. 13 ఇస్తే 1101 వచ్చింది. సారు 1024 ఇచ్చారు. 1410065408 వచ్చింది. పేజీకి అడ్డంగా ఎర్ర గీత, కింద ‘రాంగ్’ అన్న ఒక్క మాట. ఎందుకు సార్ అంటే, సీనియర్ రికార్డు చూసి రాసుకోమన్నారు. పిల్ల రాత్రంతా కూర్చుని చూసి రాసింది. మర్నాడు సంతకం పడింది.

ఆ సంతకం మీదే మా కోపం.

ఆమె భాగహారం ఒప్పే. వచ్చిన అంకెలను ఒకే సంఖ్యగా చేసి మామూలు ‘ఇంట్’ రకం వేరియబుల్‌లో దాచింది. 32 బిట్ల ఇంట్‌లో 2147483647కు మించి పట్టదు. 1023కు బైనరీలో పది అంకెలు, పట్టాయి. 1024కు పదకొండు, పొంగిపోయాయి. శేషాలను క్యారెక్టర్ అర్రేలో పెట్టి చివరి నుంచి ప్రింట్ చేస్తే సరి. ‘పద్ధతి ఒప్పే, దాచిన చోటు చాలలేదు’ అని రాసి ఉంటే ఆ పిల్లకు మెమరీ పాఠం జన్మంతా గుర్తుండేది.

చిన్న తప్పేగా అనకండి. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ ఎగిరి నిమిషం తిరక్కుండానే ముక్కలైంది. అందులోని ప్రోగ్రాం 64 బిట్ల విలువను 16 బిట్ల చోటులో పెట్టబోతే పట్టలేదు. ఆ ప్రోగ్రాం పాత రాకెట్ ఏరియన్ 4 నుంచి తెచ్చి వాడినది. పాతదాన్ని చూసి దించుకునే అలవాటు ఎక్కడికి చేరుస్తుందో ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

క్లాసులో అరవై మంది ఉన్నారు, టైం లేదంటారు అధ్యాపకులు. ఒక్క వాక్యానికి అర నిమిషం చాలు. అరవై రికార్డుల్లో ఒకే ప్రోగ్రాం అక్షరం పొల్లుపోకుండా ఉన్నా సంతకాలు పెట్టడానికి టైం దొరుకుతోంది! దించి రాసిన పేజీకి మార్కులిచ్చి, సొంతంగా ఆలోచించి తడబడిన పేజీని కొట్టేసే ల్యాబ్ పిల్లలకు దొంగతనం నేర్పుతోంది.

మా డిమాండ్లు:

1. కొట్టేసిన ప్రతి ప్రోగ్రాం పక్కన ఏ ఇన్‌పుట్‌కు, ఎందుకు తప్పిందో రాయాలి.

2. దిద్దుకుని మళ్లీ చూపించే అవకాశం ఇవ్వాలి. మార్కులు ఆ తర్వాతే.

3. సున్న, రుణసంఖ్య, పెద్ద సంఖ్య ఇచ్చి పరీక్షించుకోవడం ల్యాబ్‌లోనే నేర్పాలి.

తల్లిదండ్రులారా, ఈ రాత్రే మీ పిల్లల రికార్డు తెరిచి చూడండి. విద్యార్థులారా, కారణం లేని ఎర్ర గీతను ఒప్పుకోకండి. రికార్డు పట్టుకుని వెనక్కి వెళ్లండి. ఎందుకని అడగండి. జవాబు రాసి ఇచ్చేదాకా అక్కడే నిలబడండి.