జాకెట్టు నుంచి బొంత దాకా

పోయిన సంచికలో కుండీలో కరివేపాకు మొక్కని ఐర్లండు చలి నుంచి కాపాడుకోవడం గురించి రాశాను. ఈసారి వంటింట్లోంచి బయటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చుందాం.

మన పండగలకి హాల్లో నలుగురం కలిసినప్పుడు ఆడవాళ్ళ మాటల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "జాకెట్టు ఎక్కడ కుట్టించావు?" జవాబు కూడా ఒకటే. "ఇంకెక్కడ, ఇండియాలోనే! మొన్న వెళ్ళినప్పుడు ఆరు కుట్టించుకొచ్చాను." ఆ ఆరూ మళ్ళీ ఇండియా వెళ్ళేదాకా రావాలి. ఈలోగా మనం ఒళ్ళు చేసినా, చిక్కినా జాకెట్టుకి సంబంధం లేదు.

నేను కుట్టు నేర్చుకున్నది సగం ఆ అవసరంతో, సగం ఏమీ తోచక. 2007లో మావారి ఉద్యోగం మీద డబ్లిన్ వచ్చాం. నాది స్టాంప్ 3. అంటే విడిగా వర్క్ పర్మిట్ దొరికితే తప్ప ఉద్యోగం చెయ్యకూడదు. ఆ రోజుల్లో అలా వచ్చిన ఆడవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. రెండేళ్ళ పాప, బయట వాన, డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. మరుసటి ఏడాది దగ్గర్లోని కమ్యూనిటీ స్కూల్లో కుట్టు తరగతులు పెడుతున్నారని తెలిసి చేరిపోయాను. వారానికో సాయంత్రం చొప్పున పది వారాలు.

మొదటి రోజు టీచరు మా చేతికి గుడ్డ ఇవ్వలేదు. గీతల కాగితం ఇచ్చి, సూదికి దారం ఎక్కించకుండా ఆ గీతల వెంటే మిషను నడపమంది. కాగితం మీద చిల్లుల వరస గీత తప్పకుండా వచ్చేదాకా అదే పని. తరవాత దిండు గలీబు, ఆ తరవాత పాపకి గౌను. అక్కడ అన్నీ పాటర్న్‌లతోనే కుడతారు. కవరులో పల్చటి కాగితాల మీద అన్ని సైజులూ అచ్చువేసి ఉంటాయి. మనకి కావలసిన గీత మీద కత్తిరించుకోవడమే. మన టైలర్లకి ఆ గొడవ లేదు. ఆది జాకెట్టు ఒకటి పడేస్తే చాలు, సాయంత్రానికి రెండోది తయారు!

ఇంకో తేడా కూడా గమనించాను. ఇక్కడి పాటర్న్‌లలో కుట్టుకోసం వదిలేది సాధారణంగా ఒకటిన్నర సెంటీమీటర్లే. మన టైలరు పక్కన ఇంకాస్త గుడ్డ లోపలికి వదిలి రెండు మూడు వరసలు కుడతాడు. ఒళ్ళొస్తే ఒక వరస విప్పుకోవచ్చు. పిల్లల పరికిణీలకి కింద టక్కులు పెట్టేదీ అందుకే. ఏడాదికో టక్కు విప్పితే అదే పట్టు పరికిణీ మూడేళ్ళు వస్తుంది. మన కుట్టులో రేపటి లెక్క కూడా ఉంటుందన్నమాట.

చీర మీది జాకెట్టుకి ఇక్కడి కొట్లలో పాటర్న్ దొరకలేదు. అందుకని బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి కుట్లన్నీ విప్పేసి, ముక్కల్ని ఇస్త్రీ చేసి, కాగితం మీద గీసుకున్నాను. ఎనభై సెంటీమీటర్ల గుడ్డలో క్రాస్ కట్ జాకెట్టు పడుతుంది. మీరూ ప్రయత్నించండి. చేతులు కుదరడమే కాస్త కష్టం, మిగతాది నాలుగోసారికి అలవాటైపోతుంది.

ఆ తరవాత మన స్నేహితులు ఒక్కొక్కరే గుడ్డలు పట్టుకుని రావడం మొదలుపెట్టారు. కుట్టిన కొద్దీ ముక్కలు మిగిలాయి. మంగళగిరి ముక్కలు, పోచంపల్లి అంచులు, పాప గౌన్ల పేలికలు. రెండు మూడేళ్ళకి పెద్ద సంచీ నిండింది. పారేద్దామంటే చెయ్యి రాదు. అప్పుడే మా ఊరి లైబ్రరీలో గురువారం పొద్దున్న క్విల్టింగ్ చేసే ఆడవాళ్ళ బృందం ఉందని తెలిసింది. సంచీతో సహా వెళ్ళాను.

క్విల్టు అంటే మూడు పొరలు. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో దూది పొర, కింద అస్తరు. మూడింటినీ కలిపి కుట్టేదే క్విల్టింగు. మధ్య పొరని ఇక్కడ వాడింగ్ అంటారు, అమెరికాలో బ్యాటింగ్ అంటారు. కుట్టుకి వదిలే గుడ్డ పావు అంగుళమే. అది ఒక్కో ముక్కలో వెంట్రుకవాసి తేడా వచ్చినా, పది ముక్కలు అతికేసరికి చివర వంకర కనబడుతుంది. బట్టల కుట్టులో ఒంటికి సరిపోవాలి. ఇందులో ముక్కకి ముక్క సరిపోవాలి. ఎవరి కొలతా అక్కర్లేదు. ఎవరు లావయినా, ఎవరు ఎదిగినా క్విల్టు బిగుతవదు. ఆ మాట నాకు భలే నచ్చింది.

అసలు విషయానికి వస్తాను. 2016 చలికాలంలో మా అత్తగారు మూడు నెలల వీసా మీద వచ్చారు. మీ ఇళ్ళకీ పెద్దవాళ్ళు వస్తుంటారు కాబట్టి మీకు తెలుసు. మొదటి వారం సరదాగా గడుస్తుంది. తరవాత మనం పనుల్లో పడిపోతాం, వాళ్ళు కిటికీ దగ్గర కూర్చుంటారు. చలి, వీధిలో మనిషి కనబడడు, టీవీలో మాట అర్థం కాదు. జీవితమంతా తీరిక ఎరగని చేతులు ఒళ్ళో ఊరికే పడుంటాయి. ఆవిడ ఏమీ అనేవారు కాదు. క్యాలెండరు మాత్రం రోజూ చూసేవారు.

"అత్తయ్యా, గురువారం నాతో లైబ్రరీకి వస్తారా?" అన్నాను.

"వాళ్ళ మాటలు నాకేం అర్థమవుతాయమ్మాయ్?"

"మాటలతో పనిలేదండీ, అంతా సూది పనే."

వచ్చారు. బల్లమీద పరిచిన క్విల్టు ఒకదాన్ని చేత్తో తడిమి, తిరగేసి కుట్లు చూశారు. "ఇది బొంతే కదమ్మాయ్!" అన్నారు. అని గొంతు తగ్గించారు. "మా చిన్నప్పుడు చుట్టాలొస్తున్నారంటే మా అమ్మ ముందు బొంతలు తీసి అటకమీద పడేసేది. దుప్పటి కొనుక్కోలేనివాళ్ళు కప్పుకునేవి అవి. వీళ్ళేమిటి, కొత్త గుడ్డ కొని మరీ ముక్కలు చేసి బొంత కుట్టుకుంటున్నారు?"

ఏమంటున్నారని అందరూ అడిగితే ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. మేయో కౌంటీ నుంచి వచ్చిన ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఒకరు గట్టిగా నవ్వేశారు. వాళ్ళ చిన్నప్పుడూ అంతేనట. పిండి సంచులు విప్పి, ఉతికి, తెల్లబడడానికి గడ్డిమీద ఎండేసి, వాటితోనే పక్కదుప్పట్లు, క్విల్టుల అస్తర్లు కుట్టేవారట. ఎంత ఉతికినా మిల్లు పేరు పూర్తిగా పోయేది కాదట. ఇక్కడి పల్లెల్లో ఇంటింటికీ వంతు వేసుకుని, పాదిరీ గారు ఇంటికే వచ్చి మాస్ చెప్పే ఆచారం ఉంది. ఆ రోజుకి ఇంటికి సున్నాలు వేసి, క్విల్టు దాచేసి, కొట్లో కొన్న దుప్పటి పరిచేవారట.

ఈసారి తెలుగులో చెప్పడం నా వంతయింది. అత్తయ్య మొహం ఒక్కసారిగా వెలిగింది. "మైదా సంచులు! మేమూ గలీబులు కుట్టేవాళ్ళం. ఆ అక్షరాలు చచ్చినా పోయేవి కాదు." ఆ పూట వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. తరవాత నుంచి క్యాలెండరులో అత్తయ్య గురువారాలే లెక్కపెట్టుకున్నారు.

ఆ ముచ్చట విన్నాక ఈ దేశపు బొంతల కథ తెలుసుకోవాలనిపించింది. పాత ఐరిష్ క్విల్టుల్లో చాలావాటికి మధ్యలో దూది ఉండదు. ఉంటే పాత కంబళి, లేకపోతే పై గుడ్డా అస్తరూ అంతే. పైన అలల్లాగా వంకీల కుట్టు. ఉత్తరాన డెర్రీ నగరం చొక్కాల తయారీకి పేరు. ఫ్యాక్టరీలో కత్తిరించిన ముక్కలు చుట్టుపక్కల పల్లెలకి వెళ్ళేవి, ఆడవాళ్ళు ఇళ్ళలోనే కుట్టి పంపేవారు. కార్ల్ మార్క్స్ 1867 నాటి 'పెట్టుబడి' గ్రంథంలో అక్కడి టిల్లీ ఫ్యాక్టరీ ప్రస్తావన ఉంది. లోపల పనిచేసేవాళ్ళు వెయ్యిమంది, ఇళ్ళ దగ్గర కుట్టేవాళ్ళు తొమ్మిది వేలమంది అని. చొక్కాలు కత్తిరించగా మిగిలిన పేలికలు క్విల్టుల్లోకి చేరేవి. మిల్లు దుప్పట్లు చవకయ్యాక ఇవన్నీ మూలపడ్డాయి. 1981లో ఐరిష్ ప్యాచ్‌వర్క్ సొసైటీ మొదలైంది. ఇప్పుడు ఆ పాత బొంతల్ని మ్యూజియాల్లో దాస్తున్నారు. బెల్‌ఫాస్ట్ దగ్గర కల్‌ట్రాలోని అల్‌స్టర్ ఫోక్ మ్యూజియంలో పెద్ద సేకరణే ఉంది. చూడాలనుకునేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: అది ఉత్తర ఐర్లండు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి యూకే వీసా కావాలి.

ఈ కథలో మన వాటా కూడా ఉంది. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో మచిలీపట్నం చుట్టుపక్కల చిరివేరు ఎరుపుతో అద్దిన పూల గుడ్డలు ఓడల్లో యూరపుకి వెళ్ళేవి. మంచాల మీద పరిచే వాటిని పలంపోర్‌లు అనేవారు. మన పలంగ్‌పోష్ అనే మాటే అలా మారింది. దేశీ నేతగాళ్ళ గొడవతో ఇంగ్లండులో అద్దకం నూలుగుడ్డ వాడకాన్ని 1721 చట్టంతో నిషేధించారు. 1774 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. అంత ప్రియమైన గుడ్డ పాతబడితే మాత్రం ఎవరు పారేస్తారు? పూలూ పిట్టలూ కత్తిరించి వేరే గుడ్డమీద అతికి క్విల్టులు కుట్టుకున్నారు. ఆ పనిని బ్రోడెరీ పెర్స్, అంటే పర్షియా కుట్టు అంటారు. పేరు పర్షియాది, గుడ్డ మనవైపుది! మన అద్దకాల మోజులోనే యూరపువాళ్ళు సొంత అచ్చు పద్ధతులు కనిపెట్టారు. రాగి పలకలతో గుడ్డమీద అచ్చువేయడం 1752లో ఫ్రాన్సిస్ నిక్సన్ మొదలుపెట్టింది ఎక్కడనుకున్నారు? ఇక్కడే, డబ్లిన్‌లోని డ్రమ్‌కాండ్రాలో.

ఇదంతా అత్తయ్యకి చెబితే "అయితే బొంత అంత తక్కువదేం కాదన్నమాట" అన్నారు. మర్నాడు పెట్టెలోంచి తన పాత నేత చీరలు రెండు తీసి హాల్లో పరిచారు. దూది పొర వద్దన్నారు. చీరలే మడతలు వేసి పరిచి, ముడతలు రాకుండా నాలుగు మూలలా బరువులు పెట్టి, కచ్చా కుట్లు వేసి, అంచు వెంట మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ వచ్చారు. గీత లేదు, స్కేలు లేదు. బియ్యపుగింజంత కుట్టు, గింజంత ఎడం. లైబ్రరీలో అందరూ చుట్టూ చేరి చూసి, ఇద్దరు ముగ్గురు అదే పద్ధతిలో తమ పాత చొక్కాలతో మొదలుపెట్టారు.

తొంభై రోజులు అయిపోయాయి. బొంత సగంలో ఉంది. "మిగతాది నువ్వు కుట్టమ్మాయ్, మళ్ళీ వచ్చినప్పుడు చూస్తాను" అన్నారు. 2020 వేసవికి టిక్కెట్లు కూడా కొన్నాం. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. 2021లో ఆవిడ ఊళ్ళోనే పోయారు. మేం వెళ్ళలేకపోయాం. మనలో ఆ రెండేళ్ళలో ఇలా ఫోనులో చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను వేరే చెప్పక్కర్లేదు. బొంత ఆ ఏడాదే పూర్తిచేశాను. నా కుట్టు ఆవిడదంత దగ్గరగా రాదు. ఎక్కడ చెయ్యి మారిందో ఎవరు చూసినా చెప్పేస్తారు.

మా అమ్మాయి 2023లో గాల్వేకి చదువుకి వెళుతూ కొత్త దుప్పటి వద్దని ఆ బొంతే పట్టుకెళ్ళింది. హాస్టల్లో మంచం మీద పైకే పరిచింది. వాషింగ్ మిషన్లో మాత్రం వెయ్యద్దని చెప్పాను. వేసేసింది. ఏమీ కాలేదు. బొంతలు ఉతుక్కుని వాడుకోవడానికే కుట్టేవారు మరి!

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. ఇండియా నుంచి కుట్టుమిషను తెచ్చుకుంటే ఇక్కడ కరెంటు 230 వోల్టులే కాబట్టి ఇబ్బంది లేదు, ప్లగ్గు మారిస్తే చాలు. నూలుగుడ్డ ముందు ఉతికి ఆరేసుకోండి, మన రంగులు కొన్ని దిగుతాయి. పట్టుముక్కలకి వెనక పల్చటి అతుకుగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే జారవు. కత్తిరించడానికి గుండ్రటి బ్లేడున్న రోటరీ కట్టరు, కింద మ్యాటు కొనుక్కోండి. ఆ ఖర్చు దండగ కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది: ఈసారి మీ అమ్మగారో, అత్తగారో వచ్చినప్పుడు ఊళ్ళు చూపించడంతో పాటు ఒక సూదీ, నాలుగు పాత చీరలూ ముందు పెట్టండి. బొంత ఎలా కుడతారో అడగండి. "ఎందుకే, కొనుక్కోలేమా?" అంటారు. అయినా అడగండి. తొంభై రోజులు చాలా తొందరగా అయిపోతాయి.

మీ ఇంట్లో పాత బొంత ఉంటే ఫోటో తీసి సంపాదకులకి పంపండి. వచ్చే సంచికలో వేసుకుందాం. అప్పటిదాకా సెలవు.