మేనల్లుని జీతపు పద్దు

పడమటి కనుమల పాదమున, 1895లో పెరియారు జలములు తూర్పునకు మరలినది మొదలు వరియు ద్రాక్షయు విరివిగా పండుచున్న కంబం లోయలో, మధుర నాయకరాజుల కాలమునుండి కాపురమున్న తెలుగు కుటుంబములు నేటికిని ఇంట తెలుగు మాటాడుచు, అంగడిలో తమిళమున పద్దులు వ్రాసికొనుచు, బట్టల కొట్లును కిరాణా దుకాణములును భోజనశాలలును నడుపుకొనుచున్నవి. ఈ వ్యాపారములలో పెక్కింటికి పనివాడనగా పరాయివాడు కాడు. మేనల్లుడో, వదినెగారి తమ్ముడో, తాతలనాటి పరిచయముతో పొరుగూరినుండి వచ్చిన కుఱ్ఱవాడో అయియుండును. “మనవాడే కదా” అన్న ఒక్క మాటతో కొలువు మొదలగును. జీతమెంత, సెలవెన్నడు, పని ఎన్ని గంటలు అని అడుగుట మర్యాద కాదని ఇరువురును మిన్నకుందురు. ఈ మిన్నకుండుటయే చిన్న యజమానికిని పనివానికిని కూడ కీడు చేయుచున్నదని నా దృఢాభిప్రాయము.

తమిళనాట 1947 నాటి దుకాణముల, సంస్థల చట్టము ఒక్క పనివాడున్న అంగడికిని వర్తించును. యజమానితో నివసించుచు అతనిపై ఆధారపడియున్న భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు, తోబుట్టువులవంటి అత్యంత సన్నిహితులను మాత్రమే అది పనివారి లెక్కనుండి తప్పించినది. మేనల్లునికి ఆ జాబితాలో చోటు లేదు. ఆతడు మామగారి వంటయింటనే భోంచేయుచున్నను, దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించిన పనికి రెట్టింపు కూలియు, వారమునకొక పూర్తి సెలవును, ఏడాది నిండిన పిదప 12 దినముల వేతన సెలవును ఆతని హక్కులే. ఆరునెలలు ఎడతెగక పనిచేసినవానిని, సహేతుకమైన కారణము లేకయు, నెల నోటీసో దానికి బదులు నెల జీతమో ఈయకయు తొలగించుటకు ఆ చట్టపు 41వ సెక్షను ఒప్పదు. దీపావళి రద్దీలో కోపమువచ్చి “రేపటినుండి రావద్దురా” అన్న మామగారు, ఆ మేనల్లుడు అప్పీలు చేసికొన్ననాడు, తాను చూపవలసిన కారణమునకు కాగితపు ముక్కయైనను లేక తెల్లబోవలసివచ్చును. హాజరుపట్టీయు, తప్పు జరిగిననాడే ఇచ్చిన హెచ్చరిక చీటీయు ఉన్నచో, న్యాయము తనవైపున ఉన్న సందర్భమున అవియే ఆ మామగారికి రక్ష.

కోళిక్కోడు బట్టల దుకాణములలోని స్త్రీలు పోరాడగా 2018లో కేరళమున చట్టమునకెక్కిన కూర్చుండు హక్కు 2021లో తమిళనాటికిని వచ్చినది. కాని చీరలు విప్పి చూపు అమ్మాయి వెనుక స్టూలు వేసి, దానిపైన మడతపెట్టిన చీరల దొంతరలు పేర్చియుంచు కొట్లు నేను ఎన్నియో చూచితిని. అట్టి స్టూలు తనిఖీదారునకే గాని ఆ అమ్మాయికి ఉపకరింపదు.

2025 నవంబరు 21న 29 కేంద్ర చట్టములకు బదులుగా నాలుగు కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. ఉద్యోగుల రాజ్యబీమాకు, గ్రాట్యుటీకి, అంగళ్లలో ప్రసూతి ప్రయోజనములకు, లైంగిక వేధింపుల విచారణకు సంస్థలోనే ఉండవలసిన కమిటీకి, అన్నింటికిని గడప పదిమంది పనివారే. అందుచేత తొమ్మండుగురిని పుస్తకమునకెక్కించి, పదవవానిని చుట్టమని చెప్పి వెలుపల నిలుపు యజమానులు కలరు. ఇది యుక్తి అనుకొనుట గొప్ప పొరపాటు. బీమాకు యజమాని కట్టవలసినది వేతనములో 3.25 శాతము, పనివాడు కట్టునది 0.75 శాతము. నూనెమూకుడు కడ చేయి కాలిన వంటవాని ఆసుపత్రి ఖర్చు ఒక్కసారి తలపై పడినచో, ఏండ్ల తరబడి మిగిల్చిన ఆ సొమ్మంతయు ఒక్క వారమున హరించిపోవును. అదియునుగాక, వేతనముల స్మృతికి ఈ పది అను గడప లేనేలేదు. కనీస వేతనము ఇద్దరున్న కొట్టునకును తప్పదు.

అన్నింటికంటె చిక్కైనది అడ్వాన్సు. చెల్లెలి పెండ్లికో, తల్లి వైద్యమునకో పనివాడు సొమ్ము తీసికొనును. యజమాని దయతోనే ఇచ్చును. ఆ దయను నేను శంకింపను. కాని అది యజమాని చిట్టాలో మాత్రమే ఎక్కును. నెలనెల ఎంత విరిగినదో, బాకీ ఎంత నిలిచినదో పనివానికి తెలియదు. రెండేండ్లు గడచునప్పటికి “బాకీ తీర్చి పొమ్ము” అను మాట వినవచ్చును; బాకీ పేరిట మనిషిని కదలనీయకుండుట 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము నేరముగా ఎంచిన పని. అడ్వాన్సు తిరిగి రాబట్టుకొనుట తప్పు కాదు. ఏ నెలయందైనను కోతలన్నియు కలిసి వేతనములో సగము మించరాదు, అంతియే. దినుసుల కొట్టున రెండు నోటుపుస్తకములు కొని, ఇచ్చిన తేది, మొత్తము, ఆ నెల కోత, మిగిలిన బాకీ అను నాలుగు గళ్లు గీచి, రెండింటను ఇరువురును సంతకము చేసి, ఒకటి పనివాని కడనే ఉంచినచో ఈ వివాదములలో అధికభాగము పుట్టనే పుట్టదు.

పనివారు నిలువరని కంబం వ్యాపారుల నిత్యవ్యథ. తెల్లవారకముందే జీపులెక్కి, కంబంమెట్టు మీదుగా ఇడుక్కి ఏలకుల తోటలకు పోయి సాయంకాలమునకు మరలివచ్చు కూలీల పనికి కేరళ ప్రభుత్వము నిర్ణయించిన కూలియే కొలమానము. ఆ కూలితో చిన్న దుకాణదారు పోటీపడజాలడు, నిజమే. కాని ఆ కిక్కిరిసిన జీపు ప్రయాణమును, కనుమదారి అపాయమును తప్పించి, నికరమైన జీతమును, తెలిసిన సెలవును ఊరనే చూపగలడు. ఆ నికరము నోటిమాటతో రాదు, నియామకపత్రముతో వచ్చును.

వడ్డీలు కట్టుకొనుచు, పన్నుల దాఖలాలకే గుమాస్తాను వెదకుకొను వానికి ఇంతటి చట్టజ్ఞానము ఎక్కడిదని అడుగుట న్యాయమే. కార్మిక శాఖవారు ఒక్క పుట మించని నియామకపత్రపు నమూనాను సులభమైన తమిళమున అచ్చువేసి, వర్తక సంఘముల ద్వారా అంగడి అంగడికిని పంచవలెను. ఏటేట ఏప్రిలులో మారు కరువుభత్యపు లెక్కను దానితోపాటే తెలుపవలెను. అంతవరకు యజమాని తానే పని, జీతము, గంటలు, వారపు సెలవు, నోటీసు గడువు అను అయిదింటిని తెల్లకాగితముపై వ్రాసి ఈయవచ్చును. మేనల్లుడు వేరే కొలువు చూచికొని వెడలినను, మామయే వలదన్నను, రావలసిన వేతనమంతయు రెండు పనిదినములలో చెల్లింపవలెనని కొత్త స్మృతి విధించినది. ఆ రెండు దినములలో లెక్క తేలుటకు పద్దు అప్పటికే వ్రాసియుండవలెను.