స్పానిష్ గళము, ఇంటి యాంటెనా

అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థిరపడిన మెక్సికన్, కొలంబియన్ కుటుంబములకు ఫుట్‌బాల్ పోటీని స్పానిష్ వ్యాఖ్యానముతో వీక్షించుట కేవల వినోదము కాదు; తాతయు మనుమడును ఒకే భాషలో, ఒకే క్షణమున ఉప్పొంగెడి అరుదైన సందర్భమది. బ్యూనస్ ఎయిరిస్‌లో జన్మించిన వ్యాఖ్యాత ఆంద్రెస్ కాంతోర్, గోలు పడినంతనే ఊపిరి ఉన్నంతవరకు సాగదీసెడి ఆ సుదీర్ఘ నాదము దశాబ్దములుగా ఎన్ని గృహముల స్మృతిలో నిలిచియున్నదో! అట్టి గళమును ఇంటికి రప్పించుకొనుటకు నేడు గృహస్థుడు పడుచున్న ప్రయాస నాకు మిక్కిలి ఖేదము కలిగించుచున్నది. 2014 వరకు యూనివిజన్ అను స్పానిష్ ఛానెల్‌లో వచ్చిన ప్రపంచ కప్పు 2018 నుండి టెలిముండో అను మరొక ఛానెల్‌కు మారినది. దాని అంతర్జాల ప్రసారమునకు పీకాక్, మెక్సికో లీగు పోటీలు పెక్కింటికి విక్స్ అను అంతర్జాల సేవలు కావలెను. ఇట్లు ఖాతాలును సంకేతపదములును పెరిగిన కొలది, మీట నొక్కుట తప్ప మరేమియు ఎరుగని వృద్ధులు తమ ఆటకే దూరమగుచున్నారు. కావున ముందుగా యాంటెనా నమర్చుకొనుడని నా దృఢమైన సలహా. టెలిముండో, యూనివిజన్‌లు పెక్కు నగరములలో గాలి తరంగములపై ఉచితముగా లభించును. నెలసరి చందా లేదు. పైగా అంతర్జాల ప్రసారము దృశ్యమును చిన్న ఖండములుగా విభజించి, కొన్నింటిని ముందు నిలువచేసికొని పిమ్మట చూపును గనుక, యాంటెనా గల పొరుగింటివారి జయధ్వానము మన తెరపై గోలు పడకమునుపే వినవచ్చును. అంతర్జాలమే శరణ్యమైనచోట వైఫైని నమ్మక, టీవీకి ఈథర్‌నెట్ తీగను కలుపుడు; ఆట ఆరంభమగుటకు ముందే ఖాతాను తెరచి, వ్యాఖ్యాన భాషను సరిచూచుకొనుడు; ఇంటి పెద్దలకు ఆ పని మీరే చేసిపెట్టుడు.