లఘునాటికలో లేని పూర్వపక్షం



గత వేసవి సెలవులలో మా గ్రామానికి సువార్త యాత్రగా ఒక యువకళాబృందం వచ్చింది. అందరూ ఇరవై ఏళ్లకు అటూఇటూగా ఉన్నవారే. మూడు సాయంత్రాలు మైదానంలో పాడారు, ఆడారు, లఘునాటికలు ప్రదర్శించారు. గాత్రం బాగుంది, సాధన ఉంది. ఆ మాట దాచితే అసత్యదోషం నాకే అంటుతుంది.

వీథిలో పాడడాన్ని నేను ఆక్షేపించను. 1966లో న్యూయార్క్‌లో ఆవిర్భవించిన ఇస్కాన్ భక్తులు పాశ్చాత్యనగరాలలో మృదంగం మ్రోగించి హరినామం పాడితే పులకించిన మనం, ఇక్కడ అన్యులు పాడితే చెవులు మూసుకోవడం న్యాయం కాదు. ప్రచారానికి రాజ్యాంగం 25వ అధికరణం హక్కునిచ్చింది. హక్కు వేరు, ధర్మం వేరు. నా వాదం రెండవదాని గురించి.

1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ అమెరికాలో స్థాపించిన ‘యూత్ విత్ ఎ మిషన్’ వంటి సంస్థలు యువకులను స్వల్పకాల యాత్రలకు పంపే పద్ధతిని లోకమంతటా వ్యాపింపజేశాయి. తెలుగునాట అంతకు శతాబ్దం ముందే పురుషోత్తమ చౌదరి (1803–1890) ఉన్నారు. బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి, క్రైస్తవం స్వీకరించి, మన రాగతాళాలలోనే కీర్తనలు రచించారు. ఆయన సిద్ధాంతం నాకు సమ్మతం కాదు. కాని తాను విడిచినదేమిటో ఎరిగి విడిచిన మనిషి. జీవితమంతా ఈ ప్రజల నడుమ ఉండి ప్రశ్నలకు నిలిచిన మనిషి. మూడు సాయంత్రాల అతిథికి ఆ నిలకడ ఎక్కడిది?

రెండవ నాటి నాటిక చెబుతాను. ఒకడు శిల ముందు సాగిలపడి విలపిస్తాడు. శిల పలకదు. శ్వేతవస్త్రధారి వచ్చి లేవదీస్తాడు. తల్లిదండ్రులు ఇంకా పొలాల నుండి రాని వేళ, పదేళ్ల పసివాళ్లు చప్పట్లు కొట్టారు.

పూర్వపక్షాన్ని ప్రతివాది ‘అవును, ఇదే నా మతం’ అనేటట్లు చెప్పి, పిమ్మట ఖండించడం శాస్త్రమర్యాద. శంకర భగవత్పాదులు సూత్రభాష్యంలో సాంఖ్యులను ఖండించే ముందు సాంఖ్యుల యుక్తులను వారి పక్షానే నిలిచి వినిపిస్తారు. ఈ నాటికలోని శిలాపూజకుడు ఏ ఆలయంలో ఉన్నాడు? వినాయకచవితినాడు మృణ్మయమూర్తిలో ఆవాహనం చేసి, ఉద్వాసన చెప్పి, నీటిలో కలిపే గృహస్థుకు మట్టి మట్టే అని తెలియదా? తెలియకపోతే ఆ రెండు మంత్రాలు ఎందుకు? లేని హిందువును కల్పించి, వాణ్ణి ఓడించి, పసివాళ్ల చప్పట్లతో జయపత్రం వ్రాసుకోవడం వాదం కాదు, వితండకైనా చాలదు. వితండలో కనీసం ఎదుట ప్రతివాది ఉంటాడు.

మూడవనాటి ఉదయం ఆ బృందంలోని కుర్రవాడొకడు ధ్వజస్తంభం ఆవల నిలబడి, “పంతులుగారూ, ఒక మాట అడగవచ్చా? ఆ విగ్రహం మీతో మాట్లాడుతుందా?” అన్నాడు. ఎగతాళి లేదు. ఆవాహన ఉద్వాసనలు, ఉపాసనకు ఆలంబనం ఎందుకో, నిర్గుణమంటే ఏమిటో అరగంట చెప్పాను. “మాకు ఇది ఎవరూ చెప్పలేదండీ” అన్నాడు. నమ్మాను.

నా వెనుక మన పిల్లలిద్దరు నిలబడి ఉన్నారు, నిన్న చప్పట్లు కొట్టినవాళ్లే. వారిలో చిన్నవాడు, “మాకూ చెప్పలేదు కదా తాతగారూ” అన్నాడు.

ముప్ఫై ఏళ్లుగా ఆ గర్భగుడిలో నిత్యం ఆవాహనమంత్రం చదువుతున్నవాణ్ణి నేను. వాడికి ఏమని బదులు చెప్పను?

బృందాన్ని ఊరు దాటించమని ఆ మూడురోజులూ నాకు ఫోన్ చేసిన పెద్దలను నేనూ ఒకటి అడిగాను: మన భజనమందిరం తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? ఒక్కరికీ తెలియలేదు. చివరకు తాళం పగులగొట్టించాను. హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికేశాయి, తాళాలు మాత్రం పలుకుతున్నాయి. శనివారం సాయంత్రం దీపారాధన కాగానే అక్కడ కూర్చుంటాను. ఫోన్ చేసిన వారు తమ పిల్లలను పంపండి, ప్రశ్నలతో సహా.