తలుపేసింది దేవుడా, పెద్దలా?

అమెరికా మార్మన్ల సంగతి మనకెందుకయ్యా అని అడిగే మిత్రులుంటారు. ఆ చర్చి మన హైదరాబాదులోనూ ఉంది, దేశంలో వాళ్ళ మొదటి పెద్ద సంఘ విభాగం 2012లో అక్కడే ఏర్పడింది. నేను రాస్తున్నది అందుకు కాదు. ఆ మతంలోనే ఉండి సమానత్వం అడిగినవాళ్ళను రెండు వైపులా పీకారు. మతం వదలమని ఉద్యమం వాళ్ళు, ఉద్యమం వదలమని పెద్దలు. ఆదివారం చర్చికీ సోమవారం సంఘం మీటింగుకీ పోయే మన పల్లె కార్యకర్తకు ఈ పీకులాట కొత్తా?

1830లో జోసెఫ్ స్మిత్ పెట్టిన చర్చి అది. యూటా రాష్ట్రం వాళ్ళ గడ్డ. అక్కడ పాస్టరు చదువు అక్కర్లేదు, పన్నెండేళ్ళు నిండే ఏటి నుంచి మగపిల్లలందరికీ యాజకత్వం ఇస్తారు. నల్లవాళ్ళకు మాత్రం ఇవ్వలేదు. మొదట్నుంచీ కాదు సుమా! 1836లో ఎలైజా ఏబుల్ అనే నల్లాయన యాజకుడయ్యాడు. 1852లో బ్రిగమ్ యంగ్ తలుపేశాడు. బానిసల్ని ఉంచుకోడానికి యూటా శాసనసభ చట్టం చేసిందీ ఆ ఏడే. కారణం ఏం చెప్పారు? కయీను శాపమన్నారు. పుట్టక ముందు పరలోకంలో సరిగ్గా నిలబడలేదు గనక నల్లగా పుట్టారన్నారు. పూర్వజన్మ పాపం వల్ల మాలోడిగా, మాదిగోడిగా పుట్టావని మన తాతలకు చెప్పిన మాట కాదూ ఇది? సముద్రం అవతల కూడా మనువు ఉన్నాడన్నమాట!

జేన్ మానింగ్ జేమ్స్ అనే నల్ల తల్లి సంగతి వినండి. 1843లో పడవెక్కనివ్వకపోతే, ఇంటివాళ్ళతో సుమారు 800 మైళ్ళు కాలినడకన ఆ చర్చి వాళ్ళ ఊరు నావూ చేరింది. కాళ్ళు పగిలి నెత్తురు కారింది. మార్మన్లకు ప్రార్థన చేసే చర్చి వేరు, పెద్ద తంతులు జరిగే దేవాలయం వేరు. ఆ దేవాలయంలోకి నన్నూ రానివ్వండని ఆమె ఏళ్ళ తరబడి అడిగింది. 1894లో పెద్దలు కరుణించి ఏమిచ్చారు? పరలోకంలో జోసెఫ్ స్మిత్‌కు నౌకరుగా ఉండమని తంతు జరిపించారు. దానికి కూడా ఆమెను లోపలికి రానివ్వలేదు, ఆమె బదులు ఇంకో ఆమెను నిలబెట్టారు. స్వర్గంలో కూడా వెట్టే! ఆమె విశ్వాసం వదల్లేదు, అడగడమూ మానలేదు. 1908లో చనిపోయింది.

తర్వాత అడిగినవాళ్ళూ ఉన్నారు. కెనెడీ మంత్రివర్గంలో పనిచేసిన స్టూవర్ట్ యుడాల్ 1967లో ఈ నిషేధం తప్పని బహిరంగంగా రాశాడు. మార్మన్ల మహాసభలో పెద్దల పేర్లు చదివితే జనం చేతులెత్తి ఆమోదించే ఆచారం ఉంది. 1977 అక్టోబరులో బైరన్ మార్చంట్ అనే తెల్లాయన వ్యతిరేకంగా చెయ్యెత్తాడు. వెలేశారు. మరుసటి ఏడు జూన్‌లో చర్చి అధ్యక్షుడు కింబల్ తనకు దైవ సందేశం అందిందని ప్రకటించాడు, తలుపు తెరిచారు. అప్పటికి బ్రెజిల్‌లో దేవాలయం కడుతున్నారు. నల్లవాళ్ళ రక్తం కలిసిన విశ్వాసులు తాము అడుగుపెట్టలేని ఆ కట్టడానికి డబ్బూ చెమటా ధారపోస్తున్నారు. దేవుడు మనసు మార్చుకున్నాడని పెద్దలు చెప్పుకోవచ్చు. దేవుడి నెత్తిన పెట్టేస్తే తలుపేసినోళ్ళకు జవాబు చెప్పే పని తప్పుతుంది గదా!

ఆడవాళ్ళ సంగతీ అంతే. యూటా స్త్రీలు 1870లోనే ఓటేశారు. 1896లో మార్తా హ్యూస్ కానన్ అనే డాక్టరమ్మ సొంత మొగుడు పోటీలో ఉన్న ఎన్నికలో గెలిచి సెనేటరైంది. అయినా సమాన హక్కుల సవరణ కోసం పోరాడిన సోనియా జాన్సన్‌ను 1979లో వెలేశారు. యాజకత్వం ఆడవాళ్ళకు ఈనాటికీ లేదు.

మరి అలాంటి చోట ఉండడమెందుకు, బయటికి రాకూడదా అంటారు. బాబాసాహెబ్ 1927లో మహద్ చెరువు నీళ్ళు తాగారు, 1930లో కాలారామ్ గుడి ముందు సత్యాగ్రహం చేయించారు, 1956లో బౌద్ధంలోకి నడిచారు. వర్ణధర్మంలో ఎక్కువ తక్కువలే అసలు దస్తావేజు, దిద్దడానికేం లేదు. మార్మన్ గ్రంథంలో నలుపూ తెలుపూ దేవుడికి ఒకటేనన్న మాట ఉంది. నల్లచర్మం శాపమన్న మాటా అందులోనే ఉంది! అంటే దస్తావేజులో దొంగ రాత కలిసింది. మొదటి మాట పట్టుకుని రెండోదాన్ని కొట్టెయ్యమని అడిగే హక్కు లోపలున్నోళ్ళకు ఉంది. ఉండి పోట్లాడేవాణ్ణి నేను తప్పుపట్టను. ఇంట్లో అభ్యుదయం మాట్లాడి, సభలో అందరితోపాటు సరేనని చెయ్యెత్తే పెద్దమనిషితోనే నా పేచీ. అతని మంచి మనసు జేన్‌కు ఏం ఒరగబెట్టింది?

2013లో ఆ చర్చి పాత సిద్ధాంతాలు తమవి కావని రాసుకుంది. ఆ వ్యాసంలో క్షమాపణ మాట లేదు. జేన్‌కు దక్కాల్సిన దేవాలయ తంతు 1979లో ఆమె పేరున ఇంకెవరో జరిపించారు, ఆమె పోయిన 71 ఏళ్ళకు.